బాక్సింగ్ రక్తంలో ఉండదు, నారుమడిలో ఉంటుంది



మినుము చేలో మందు కొట్టే పని అయిపోయింది, నాలుగు రోజులు తీరిక దొరికింది. ఎప్పుడూ కాలవ నీళ్ళు, మిల్లు ధర, కౌలు కార్డుల గురించే రాస్తుంటాను గదా, ఈసారి బాక్సింగ్ గురించి రాస్తున్నాను. రైతుకెందుకయ్యా బాక్సింగ్ అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. చివరిదాకా మాత్రం చదవండి, ఇందులో మన తెనాలి, బాపట్ల, రేపల్లె సంగతి ఉంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్‌కి మొత్తం 13 బంగారు పతకాలు. అందులో 5 ఉజ్బెకిస్థాన్ ఒక్కటే పట్టుకెళ్ళింది. ఆ దేశం జనాభా నాలుగు కోట్ల లోపే, మన ఆంధ్రప్రదేశ్ కంటే తక్కువ. ఇంకో 3 చైనా ఆడపిల్లలు కొట్టుకెళ్ళారు. 140 కోట్లున్న మనకి ఆ ఏడు బాక్సింగ్‌లో ఏ పతకమూ లేదు. అసలు ఒలింపిక్స్ చరిత్ర మొత్తం తిరగేసినా ఈ ఆటలో మనకొచ్చినవి మూడే. 2008 బీజింగ్‌లో విజేందర్ సింగ్, 2012 లండన్‌లో మేరీ కోమ్, ఆ తర్వాత టోక్యోలో లవ్లీనా బొర్గొహైన్. మూడూ కాంస్యాలే. ఇటుపక్క కోటి మంది జనాభా ఉన్న క్యూబాకి ఇదే ఆటలో 40కి పైగా బంగారు పతకాలు ఉన్నాయి.

ఎందుకిట్లా అని మన రచ్చబండ మీద అడిగి చూడండి. మూడు సమాధానాలు వస్తాయి. "అది వాళ్ళ రక్తంలోనే ఉంది" అంటాడొకడు. "మనోళ్ళ ఒళ్ళెంత, వాళ్ళ ఒళ్ళెంత" అంటాడు ఇంకొకడు. "ఆకలి తెలిసినోడే ఆ ఆట ఆడతాడు, మన పిల్లలకి ఆ కసి లేదు" అంటాడు మూడోవాడు. నేను ఈ మూడూ ఒప్పుకోను. ఎందుకో ఒక్కోటి చెప్తాను.

ముందు రక్తం సంగతి. చైనాలో 1959లో బాక్సింగ్‌ని నిషేధించారు. మళ్ళీ 1986లో గానీ అనుమతి ఇవ్వలేదు. అంటే పాతికేళ్ళకి పైగా ఆ దేశంలో ఈ ఆటే లేదు. గేటు తెరిచాక 2008లో జౌ షిమింగ్ బంగారు పతకం తెచ్చాడు, 2024లో ఆడపిల్లలు మూడు తెచ్చారు. మధ్యలో వాళ్ళ రక్తం ఏమన్నా మార్పించుకున్నారా? ఉజ్బెకిస్థాన్‌నే తీసుకోండి. 2012లో వాళ్ళకి బాక్సింగ్‌లో దక్కింది ఒక్క కాంస్యం. 2016లో 3 బంగారు పతకాలతో కలిపి ఏడు పతకాలు. 2024లో 5 బంగారాలు. పన్నెండేళ్ళలో ఏ జాతి రక్తమూ మారదు.

క్యూబా కథ దీనికి తిరగబడ్డ కథ. 1992 బార్సిలోనాలో 12 బంగారు పతకాలుంటే ఏడు వాళ్ళవే. టియోఫిలో స్టీవెన్‌సన్, ఫెలిక్స్ సావొన్ అని ఇద్దరు మహానుభావులు ఒక్కొక్కరు వరసగా మూడేసి ఒలింపిక్స్ గెలిచారు. అట్లాంటి దేశానికి 2024 పారిస్‌లో ఒక్కటే బంగారం వచ్చింది. ఏమైందంటే అక్కడ డబ్బుకి కటకట వచ్చింది, ఆటగాళ్ళు ఒక్కొక్కరే దేశం దాటారు. పారిస్‌లో 92 కిలోల పోటీలో క్యూబా తరఫున దిగిన పెద్ద ఆటగాడు మొదటి పోటీలోనే ఓడిపోయాడు. ఓడించింది ఎవరనుకున్నారు? క్యూబాలో పుట్టి అజర్‌బైజాన్ తరఫున ఆడుతున్నవాడు. అతనికి చివరికి రజతం వచ్చింది. అదే బరువులో స్పెయిన్‌కి కాంస్యం తెచ్చినవాడూ క్యూబాలో పుట్టినవాడే. రక్తం అట్లానే ఉంది. మడి ఎండింది, నారు పక్క ఊరి పొలాలకి పోయింది.

రెండోది, ఒళ్ళు సంగతి. ఇది బాక్సింగ్ తెలియక అనే మాట. ఈ ఆటలో తూకం చూసి బరిలోకి దించుతారు. పారిస్‌లో ఆడవాళ్ళకి అన్నిటికంటే తక్కువ బరువు 50 కిలోలు, మగవాళ్ళకి 51 కిలోలు. 50 కిలోల పిల్ల 50 కిలోల పిల్లతోనే ఆడుతుంది. మన ఊళ్ళో ఇంటర్ చదివే పిల్లల్లో ఆ బరువు వాళ్ళు ఎంతమంది కావాలి? బాస్కెట్‌బాల్‌కి ఎత్తు కావాలంటే ఒప్పుకుంటా. బాక్సింగ్‌కి సన్నటోళ్ళం అని వంక చెప్పడానికి లేదు.

మూడోది ఆకలి. ఇందులో కొంచెం నిజముంది, అందుకే మోసం కూడా ఎక్కువుంది. విజేందర్ తండ్రి బస్సు డ్రైవరు. మేరీ కోమ్ అమ్మానాన్నలు పొలం పనులు చేసుకునేవాళ్ళు. కలిగినోడు కొడుకు ముక్కు పగలగొట్టించుకోడానికి పంపడు, అది నిజమే. కానీ పేదరికమే పతకాలు తెచ్చేదైతే మన దేశానికి వందల్లో రావాల్సింది గదా. మరి 50 లక్షల చిల్లర జనాభాతో, బాగా కలిగిన దేశమైన ఐర్లాండ్‌లో 2012లో కేటీ టేలర్, తర్వాత టోక్యోలోనూ పారిస్‌లోనూ కెల్లీ హారింగ్టన్ బంగారం ఎట్లా గెలిచారు? ఆకలి మనిషిని ఆటలోకి తోస్తుందేమో గానీ, ఆట నేర్పదు.

మరి ఏది నేర్పుతుంది? నాకు అర్థమైంది చెప్తాను. అసలు ప్రశ్నే కొంచెం తప్పు. బాక్సింగ్‌లో దేశాలు గొప్పవి కావు. కొన్ని ఊళ్ళు గొప్పవి. ఆ ఊళ్ళు ఎక్కువున్న దేశం గొప్పదిగా కనపడుతుంది.

హర్యానాలో భివానీ అని ఒక ఊరుంది. మన తెనాలి లాంటిదే, చుట్టూ పల్లెలు, వ్యవసాయం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి ఐదుగురు బాక్సర్లు వెళ్తే నలుగురు భివానీ వాళ్ళే. విజేందర్ అందులో ఒకడు. ఎట్లా వచ్చింది? అక్కడ హవా సింగ్ అని సైన్యంలో పనిచేసిన బాక్సర్ ఉండేవాడు. 1966లో, 1970లో రెండుసార్లు ఆసియా క్రీడల్లో బంగారం గెలిచాడు. ఆట మానేశాక ఊరొచ్చి పిల్లలకి నేర్పాడు. తర్వాత జగదీశ్ సింగ్ అనే కోచ్ అక్కడే క్లబ్బు పెట్టాడు. తాత దగ్గర నుంచి మనవరాలి దాకా ఆ పంట కాస్తూనే ఉంది. 2025లో ఇంగ్లాండ్ లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మన ఆడపిల్లలు నాలుగు పతకాలు తెచ్చారు. నలుగురూ హర్యానా వాళ్ళే. రజతం తెచ్చిన నూపుర్ ఆ హవా సింగ్ మనవరాలు. బంగారం తెచ్చిన మీనాక్షి ఒక ఆటో డ్రైవర్ కూతురు.

అంత దూరం ఎందుకు, మన తెలుగు నేల మీదే నిజామాబాద్ ఉంది. నిఖత్ జరీన్ పేరు వినని వాళ్ళుండరు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయిని 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది. అదే నిజామాబాద్ నుంచి హుసాముద్దీన్ అనే అబ్బాయి 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ కాదు, విజయవాడ కాదు, నిజామాబాద్ నుంచే ఇద్దరు ఎట్లా? ఆ ఊళ్ళో శంషాముద్దీన్ అనే గురువు ఉన్నాడు గనక. హుసాముద్దీన్ ఆయన కొడుకే. నిఖత్ కూడా మొదట ఆయన దగ్గరే నేర్చుకుంది. అప్పట్లో అక్కడ ఆడే ఆడపిల్లలు లేరు, మగపిల్లలతోనే దెబ్బలు తిని నేర్చుకుంది. చుట్టాలు నిక్కర్ల గురించి, పెళ్ళి గురించి అనాల్సినవన్నీ అన్నారు. తండ్రి జమీల్ అహ్మద్ గారు నిలబడ్డారు. 2009లో విశాఖపట్నం శాయ్ కేంద్రంలో చేరి ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణ తీసుకుంది. 2011లోనే జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. ఊళ్ళో ఒక గురువు, నిలబడ్డ తండ్రి, తర్వాత విశాఖలో పెద్ద మడి, చివరికి తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం. ఈ వరసలో ఏ ఒక్కటి తెగినా మనకి నిఖత్ లేదు.

ఈ ఆట ఊళ్ళకి ఊళ్ళుగా ఎందుకు పండుతుందో రైతుకి చెప్పక్కర్లేదు. పరుగు పందెం అయితే పిల్లోడు కాలవ గట్టు మీద ఒక్కడే పరిగెత్తి నేర్చుకోవచ్చు. బాక్సింగ్ ఒంటరిగా రాదు. గోనెసంచిలో ఇసక పోసి వేపచెట్టుకి కట్టి ఏడాదంతా గుద్దినా లాభం లేదు, సంచి తిరిగి కొట్టదు గదా. ఎదురుగా ఒక మనిషి కావాలి. తన బరువువాడు ఒకడు, కొంచెం బరువైనవాడు ఒకడు, ఎడమచేతి వాటం వాడు ఒకడు, తనకంటే రెండేళ్ళు ముందు నేర్చుకున్నవాడు ఒకడు. కోడెని కాడికి అలవాటు చేసేటప్పుడు పక్కన పాత ఎద్దుని కడతాం చూడండి, సరిగ్గా అట్లాగే. పాత ఎద్దు లేని ఊళ్ళో కోడె కాడి మోయడం నేర్చుకోదు, కాడి విరగ్గొట్టడం నేర్చుకుంటుంది.

అందుకే ఒక బరిలో ముప్పై మంది పిల్లలు రోజూ తలపడుతుంటే అందులోంచి ఒకడు జిల్లా దాటతాడు, వాడిని చూసి ఇంకో పదిమంది చేరతారు. మణిపూర్‌లో డింకో సింగ్ 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బంగారం తెస్తే, అది చూసి మేరీ కోమ్ గ్లౌజులు తొడిగింది. క్యూబా వాళ్ళు ఈ పనిని దేశమంతా పద్ధతి ప్రకారం చేశారు. బళ్ళో ఉన్నప్పుడే పిల్లల్ని గుర్తించి, ప్రాంతాల్లో క్రీడా పాఠశాలలు పెట్టి, అక్కడ తేలినవాళ్ళని హవానా దగ్గర జాతీయ శిక్షణ కేంద్రానికి పంపుతారు. ఆ కేంద్రాన్ని వాళ్ళు ముద్దుగా "లా ఫింకా" అంటారు. వాళ్ళ భాషలో దానర్థం పొలం. చదివి ముచ్చటేసింది. వాళ్ళకి అర్థమైంది మనకి కాలేదు.

నిజానికి మనకీ అర్థమయ్యే ఉండాలి. బాపట్ల పేరు చెప్తే దేశంలో రైతులకి ఏం గుర్తొస్తుంది? బీపీటీ 5204, సాంబ మసూరి. 1986లో విడుదలైన ఆ వంగడం ఇవాళ్టికీ ఎన్నో రాష్ట్రాల్లో కంచాల్లో ఉంది. అది గాలివాటుగా పుట్టలేదు. బాపట్లలో పరిశోధన కేంద్రం ఉంది, 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, ఏళ్ళ తరబడి సంకరాలు చేసి, చూసి, పారేసి, మళ్ళీ చేసిన శాస్త్రవేత్తలు ఉన్నారు. బాపట్ల మట్టిలో మహత్యం ఉందని ఎవరూ అనరు. ఆ పని అక్కడ జరిగింది కాబట్టి ఆ వంగడం అక్కడ పుట్టింది. ధాన్యం విషయంలో ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనం, మనిషి విషయానికొచ్చేసరికి రక్తం, జాతకం అంటాం.

ఇంకో సంగతి. బ్యాడ్మింటన్ పుల్లెల గోపీచంద్ పుట్టింది నాగండ్లలో. ఇప్పుడది మన బాపట్ల జిల్లాలో ఉంది. 2001లో ఆల్ ఇంగ్లాండ్ గెలిచాడు, తర్వాత హైదరాబాద్‌లో అకాడమీ పెట్టాడు. ఆయన శిక్షణలో 2012లో సైనాకి కాంస్యం, 2016లో సింధుకి రజతం వచ్చాయి. విత్తనం మన జిల్లాది, నారుమడి హైదరాబాద్‌ది. పంట ఎవరి కల్లంలో పడింది?

సరే, మన దగ్గర ఏముందో చూద్దాం. సంక్రాంతి వస్తే ఎడ్ల బండలాగుడు పోటీలకి మన వైపు జనం ఎట్లా విరగబడతారో మీకు తెలుసు. బహుమతి డబ్బులకి చందాలు అడక్కుండానే వస్తాయి. దాన్ని నేను తప్పుపట్టను, ఒంగోలు జాతి ఇంకా మిగిలుందంటే ఆ పోటీల పుణ్యం కూడా ఉంది. ఎద్దు మేపు కోసం ఏడాది పొడుగునా ఉలవలు లెక్కపెట్టే మనం, మన పిల్లోడి కండ గురించి ఒక్కరోజు ఆలోచించామా అనేదే నా ప్రశ్న. సూర్యలంక, నిజాంపట్నం వైపు తెల్లారకముందే వలలు లాగే కుర్రాళ్ళ భుజాలు చూశారా? చేలో పని చేసిన ఆడపిల్లల చేతులు చూశారా? బలానికి కరువు లేదు.

కరువు వయసుకి వచ్చింది. బాక్సింగ్ చేతికి పట్టుబడే వయసు పన్నెండు నుంచి పదిహేడు. సరిగ్గా ఆ వయసులో మన పిల్లల్ని గుంటూరు, విజయవాడ హాస్టళ్ళలో పెట్టి తాళం వేస్తాం. పొద్దున ఐదింటికి లేపి పుస్తకం ముందు కూర్చోబెడతారు, రాత్రి పదింటికి పడుకోబెడతారు. గ్రౌండ్ ఉండదు. రెండేళ్ళ తర్వాత బయటికొచ్చేసరికి కళ్ళజోడు, కొందరికి ర్యాంకు, చాలామందికి అదీ లేదు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. నాది రేపల్లె వైపు పల్లె. మా తమ్ముడి కూతురు తొమ్మిదో తరగతి. ఫోన్లో నిఖత్ పోటీలు చూసి, "పెదనాన్నా, నాకు బాక్సింగ్ నేర్పించమని నాన్నకి చెప్పవా" అని పట్టుకుంది. మా మరదలు "బావగారూ, మీరు దాన్ని ఎగదోయకండి, ముక్కు వంకర పోతే రేపు దాన్నెవరు చేసుకుంటారు" అంది. తమ్ముడు ఇంకో మాటన్నాడు. "నేర్పిద్దాం అన్నయ్యా, ఎక్కడ నేర్పిద్దాం? ఎవరి దగ్గర?" మరదలి మాటకి నా దగ్గర జవాబుంది. తమ్ముడి మాటకి లేదు. నాకు తెలిసినవాళ్ళందర్నీ అడిగాను. రోజూ సాయంత్రం పంపి, చీకటి పడేలోపు ఇంటికి తెచ్చుకునే దూరంలో ఆ పిల్లకి గురువు దొరకలేదు. ఏడాది పోతే పదో తరగతి, ఇంకో ఏడాది పోతే హాస్టలు. విత్తనాలకి అదును తప్పితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తల్లి భయాన్ని తీసిపారేయకూడదు. తల మీద దెబ్బలు పడే ఆట ఇది, ప్రమాదం లేదని నేను అబద్ధం చెప్పను. పిల్లలకి తలకి రక్షణ తొడుగు ఉంటుంది, పళ్ళకి తొడుగు ఉంటుంది, రిఫరీ ఉంటాడు, డాక్టరు ఉంటాడు. మంచి గురువు నెలల తరబడి కాళ్ళ కదలిక, కాచుకోవడం నేర్పిగానీ ఎదుటివాడి మీదికి వదలడు. అసలు ప్రమాదం గురువు లేకుండా వీడియోలు చూసి గుద్దుకునే చోట ఉంది. భయముంటే గురువు కావాలని అడగాలి, ఆట వద్దని కాదు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. మన మూడు ఊళ్ళకి కలిపి ఒక్క బాక్సింగ్ మడి. అది తెనాలిలో పెట్టమంటాను.

రేపల్లె వాడివై ఉండి తెనాలికి వకాల్తా ఏంట్రా అని మా ఊళ్ళో తిట్టేవాళ్ళు ఉంటారని తెలుసు. మన నాయకుల పద్ధతి కూడా అదే. తెనాలికి ఒకటి, బాపట్లకి ఒకటి, రేపల్లెకి ఒకటి అని మూడు శిలాఫలకాలు వేస్తారు. మూడు చోట్లా తలా పదిమంది పిల్లలు, గురువు వారానికోసారి వచ్చేవాడు, ఆర్నెల్లకి తాళాలు. వద్దు. నారుమడి ఎప్పుడైనా పొలమంతా పోస్తామా? నీళ్ళ వసతి ఉన్న మూల, కంటికి ఆనే చోట, ఒక్కచోటే పోస్తాం. పదిసెంట్ల మడిని పసిపిల్లలా కాపాడితే పొలమంతటికీ నారొస్తుంది. తెనాలి జంక్షను. రేపల్లె రైలు అక్కడి నుంచే, బాపట్ల రైలూ అక్కడి మీదుగానే. ముప్పై మంది పిల్లలు ఒకేచోట కలిస్తేనే ఒకరికొకరు పాత ఎద్దులవుతారు. అక్కడ నారు ఎదిగాక బాపట్లలో, రేపల్లెలో నాటుకుందాం, ఎవరు వద్దన్నారు?

దానికి పెద్ద స్టేడియం అక్కర్లేదు. వాన పడని ఒక పాత గోడౌను, ఒక బరి, పది సంచులు, గ్లౌజులు, ఆడపిల్లలకి విడిగా గది, మరుగుదొడ్డి. ఖర్చంతా ఒక్క మనిషి మీద పెట్టాలి, అది గురువు జీతం. విశాఖలో నేర్చుకున్నవాళ్ళు, సైన్యంలో ఆడి రిటైరైనవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఆ మనిషి కుటుంబంతో సహా తెనాలిలో ఇల్లు తీసుకుని పదేళ్ళు ఉండేంత జీతం ఇవ్వాలి. హవా సింగ్ భివానీలో ఉన్నాడు, శంషాముద్దీన్ నిజామాబాద్‌లో ఉన్నాడు. అక్కడ పండటానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే, ఆ గురువులు ఊరు వదల్లేదు. ప్రభుత్వం ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే సంక్రాంతి పోటీలకి చందా వేసే చేతులే రూపాయికి పది పైసలు ఇటు తీసినా నడుస్తుంది.

మొదటి ఐదేళ్ళు ఏ పతకమూ రాదు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. కొబ్బరి మొక్క నాటినవాడు మర్నాడు బొండాం అడగడు. ఆ లోపు వచ్చేది వేరే ఉంది. సాయంత్రం పూట సెల్‌ఫోన్ పక్కన పెట్టిన ముప్పై మంది పిల్లలు, బస్సులో ఎవడన్నా చెయ్యేస్తే భయపడని పదిమంది ఆడపిల్లలు, స్పోర్ట్స్ కోటాలో ఒకటో రెండో ఉద్యోగాలు. పతకం రాకపోయినా ఈ పంట చాలు నాకు.

ఇది నా అభిప్రాయం. తప్పనిపిస్తే కింద రాయండి, తిట్టకుండా రాస్తే జవాబిస్తాను. తెనాలి చుట్టుపక్కల ఖాళీగా పడున్న గోడౌను ఎవరి ఎరికలోనైనా ఉంటే చెప్పండి. బాక్సింగ్ ఆడి మన వైపు స్థిరపడిన మాజీ సైనికులు తెలిసుంటే, వాళ్ళకి ఈ పోస్టు చూపించండి. ఈ సంక్రాంతి చందాల పుస్తకం మొదలయ్యేలోపు పదిమందిమి కూర్చుని మాట్లాడుకుందాం.